లైసెన్సు కాగితం చదివారా?



రేడియోకు కూడా పోస్టాఫీసులో లైసెన్సు రుసుము కట్టిన తరం మనది. రేడియో మన సొంతమే గాని, వినడానికి అనుమతి సర్కారుది. పిల్లల పాఠాల సాఫ్టువేరు సంగతీ ఇంచుమించు అంతే. సీడీ మనది, వాడుకునే హక్కు మాత్రం లైసెన్సులో రాసినంత మేరకే.

మన కాపీరైటు చట్టం 1957 నాటిది. కంప్యూటరు ప్రోగ్రాములను సాహిత్య రచనల కోవలో చేర్చింది 1984 సవరణ. ఆ 1984-85 లోనే కేంద్ర ప్రభుత్వం ‘క్లాస్’ పథకం కింద కొన్ని పాఠశాలలకు బ్రిటన్ తయారీ బీబీసీ మైక్రో కంప్యూటర్లు ఇచ్చింది. ఆ తరువాత వచ్చిన మరో సవరణ 1995 మే 10న అమలులోకి వచ్చింది. దాని ప్రకారం దొంగ కాపీ అని తెలిసీ వాడితే ఏడు రోజులకు తగ్గకుండా మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల వరకు జరిమానా. లాభాపేక్ష లేనిచోట కోర్టు జైలుశిక్ష తప్పించి, 50 వేలకు మించని జరిమానాతో సరిపెట్టవచ్చు.

ఇక నా సంగతి. రిటైరయ్యాక మన చిలకలూరిపేటలో ఒక ప్రైవేటు బడికి లెక్కలు చూసేవాణ్ణి. ఒక సీడీ కొన్న బిల్లు నా బల్ల మీదకు వచ్చింది. ల్యాబులో కంప్యూటర్లు పది. అట్ట లోపల సన్న అక్షరాలతో ‘ఒక్క కంప్యూటరుకు మాత్రమే’ అని ఉంది. చదివాను. సర్వీసులో ఉండగా రూపాయి తేడా వస్తే ఫైలు వెనక్కి పంపినవాణ్ణి, ఆ రోజు ఏమీ రాయకుండా సంతకం పెట్టాను. రెండేళ్లకు కంప్యూటర్లు మార్చారు. కొత్తవాటిలో ఆ ప్రోగ్రాము నంబరు అడిగి ఆగిపోయింది. కంపెనీని అడిగే ముఖం మాకు లేదు. పిల్లల పాఠాలు ఆ సంవత్సరం మధ్యలోనే నిలిచాయి. మా మనవరాలు కూడా ఆ తరగతిలోనే ఉంది.

అప్పటి నుంచి తెలుసుకున్నది చెబుతాను. కొన్ని లైసెన్సులు ఒక్క యంత్రానికే. కొన్ని బడి మొత్తానికి. కొన్ని ఏటేటా కట్టవలసినవి, హైబ్రిడ్ పత్తి విత్తనం లాంటివి, ఏడాదికోసారి కొనవలసిందే. కొన్ని కొద్ది రోజులు వాడి చూసి, తరువాత డబ్బు కట్టవలసినవి. కొన్ని ఉచితమే గాని వ్యాపారానికి కాదు. లెక్కలు నేర్పే జియోజెబ్రా అటువంటిది. బడి పిల్లలకు ఉచితం, వ్యాపారానికి వాడాలంటే వేరే ఒప్పందం కావాలి.

చివరిది స్వేచ్ఛా సాఫ్టువేరు. అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో ఈ ఉద్యమం మొదలుపెట్టి, 1989లో జీపీఎల్ అనే లైసెన్సు తెచ్చారు. ఇది ఇంటి విత్తనం వంటిది. దాచుకోవచ్చు, విత్తుకోవచ్చు, పక్కవాడికి పంచవచ్చు. మార్చి పంచితే మాత్రం అవే హక్కులు అవతలివారికీ ఇవ్వాలి. ఫ్రాన్సులో 2000లో మొదలైన జీకాంప్రిస్ అనే పిల్లల ఆటపాటల ప్రోగ్రాము ఈ కోవలోదే. ఇటువంటి సాఫ్టువేరును తెలుగులోకి తేవడానికి హైదరాబాదు కేంద్రంగా 2005లో ‘స్వేచ్ఛ’ సంస్థ ఏర్పడింది.

తరువాత ఆ బడిలో ఒక కుర్ర మాస్టారు జీకాంప్రిస్‌ను పది కంప్యూటర్లలోనూ ఎక్కించారు. ఈసారి కాగితం పూర్తిగా చదివాకే సంతకం పెట్టాను.

మనవలకు ఏ ప్రోగ్రాము కొన్నా, ఉచితంగా తెచ్చినా, ముందు లైసెన్సు చదివించండి. ‘ఎన్ని యంత్రాలకు? ఎన్నాళ్లకు? పంచవచ్చునా?’ అని మూడు ప్రశ్నలు అడగండి. జీవితమంతా కాగితాలు చదివిన మనకు ఇది కష్టమేమీ కాదు.