మిడతల రోగము – కంటికానని శత్రువు



ఎనిమిదవ తరగతిలో సూక్ష్మజీవుల పాఠం చెబుతుండగా ఒక విద్యార్థిని లేచి, "సూక్ష్మదర్శినిలో కూడా కనబడనిదాన్ని ఎలా పట్టుకున్నారు మాస్టారూ, ఎలా లెక్కపెట్టారు?" అని అడిగింది. పాఠ్యపుస్తకంలో వైరస్‌కు నిర్వచనం ఉంది గాని ఈ ప్రశ్నకు జవాబు లేదు. ఆ జవాబు కోసం మెక్సికో మిడతల దగ్గరకు వెళ్ళవలసి వచ్చింది.

ఫెలిక్స్ దెరెల్ (1873–1949) వైద్యపట్టా లేని వ్యక్తి. సూక్ష్మజీవశాస్త్రాన్ని చాలావరకు స్వయంకృషితో నేర్చుకున్నాడు. మెక్సికోలోని యుకటాన్ ప్రాంతంలో కిత్తలి నార తీయగా మిగిలిన పదార్థాన్ని పులియబెట్టి మద్యసారం తయారుచేసే పనిలో ఉండగా, 1910 ప్రాంతంలో అక్కడికి మిడతల దండు వచ్చిపడింది. ఒకచోట మిడతలు కుప్పలుగా చచ్చి పడివున్నాయని స్థానికులు చెప్పగా వెళ్ళి చూశాడు. జబ్బుపడిన మిడతలకు నల్లని విరేచనాలు అవుతున్నాయి. వాటి పేగులనుండి ఒక బాక్టీరియాను వేరుచేసి, దాన్ని పెంచి, ఆరోగ్యంగా ఉన్న మిడతలకు సోకించాడు. ఆ పరిశోధన 1911లో ఫ్రెంచి విజ్ఞాన అకాడమీ పత్రికలో వెలువడింది. పిమ్మట ఆ బాక్టీరియాతోనే అర్జెంటీనాలోను, ట్యునీషియాలోను మిడతల మీద యుద్ధం ప్రకటించాడు.

ఆ బాక్టీరియాను అగర్ పళ్ళెంలో పెంచినప్పుడు తెల్లని పొర ఏర్పడుతుంది. ఆ పొరలో అక్కడక్కడ రెండు మూడు మిల్లీమీటర్ల వెడల్పున గుండ్రని, తేటయైన మచ్చలు కనిపించాయని దెరెల్ రాశాడు. మచ్చను గీకి సూక్ష్మదర్శిని కింద చూస్తే అక్కడ ఏమీ లేదు. బాక్టీరియాను ఆపివేసే పింగాణీ వడపోతగొట్టం గుండా కూడా ఆ కారకం దాటిపోయింది.

ఇక్కడ కొంచెం ఆగాలి. మిడతల మచ్చల కథ దెరెల్ తరువాతి రచనల్లో చెప్పుకున్నది. 1917 సెప్టెంబరు 10న అకాడమీకి సమర్పించిన ప్రసిద్ధ వ్యాసంలో ఉన్నది రక్తవిరేచనాల రోగుల సంగతే గాని మిడతల ప్రస్తావన లేదు. ఈలోగా 1915లో ఇంగ్లండులో ఫ్రెడరిక్ ట్వోర్ట్ ఇటువంటి దృగ్విషయాన్నే ప్రకటించివున్నాడు. ఎవరు ముందు అన్న వాదం రేగినపుడు పాత జ్ఞాపకానికి విలువ పెరుగుతుంది. దెరెల్ అబద్ధమాడాడని నేననను. కాని వెనుక రాసుకున్న జ్ఞాపకాన్ని ఆనాటి ప్రయోగపుస్తకంతో సమానంగా తూచరాదు. పిల్లలకు ఈ సంగతి దాచకుండా చెప్పడమే మంచిది.

ఇక లెక్కపెట్టడం. నా దృష్టిలో దెరెల్ ప్రతిభ అంతా ఇందులోనే ఉంది. వడపోసిన ద్రవాన్ని నీళ్ళు కలుపుతూ పదింతలు, వందింతలు, వెయ్యింతలు పలచన చేసి, ఒక్కొక్కదాన్ని బాక్టీరియాతో కలిపి పళ్ళెంలో పరచాలి. ఆ కారకం ఉప్పులాగా కరిగిన రసాయనమైతే, పలచన చేసేకొద్దీ ప్రభావం పళ్ళెమంతటా ఒకేలాగా బలహీనపడాలి. అలా జరగలేదు. మచ్చల సంఖ్య తగ్గింది గాని ఉన్న మచ్చ మాత్రం పూర్తి మచ్చగానే ఉంది. అంటే ఆ కారకం విడివిడి కణాలుగా ఉన్నదన్నమాట. ఒక్కొక్క కణం ఒక చోట పడి, వృద్ధిచెంది, ఒక మచ్చను కల్పిస్తుంది. కనుక మచ్చలను లెక్కపెడితే కణాలను లెక్కపెట్టినట్లే! నోబెల్ బహుమతి పొందిన జూల్ బోర్డే వంటివారు ఇది ఎంజైము వంటి పదార్థమేనని చాలాకాలం వాదించారు. 1940లో హెల్ముట్ రుస్కా ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో ఆ కణాల చిత్రాలు ప్రకటించాడు.

దెరెల్ దీనికి పెట్టిన పేరు బాక్టీరియోఫేజి. గ్రీకులో 'ఫేజి' అంటే తినేది. 'భక్షకం' అని తెనిగిస్తే పిల్లలు నోరూ పళ్ళూ ఊహించుకుంటారు. నిజానికి అది తినదు. తన జన్యుపదార్థాన్ని బాక్టీరియాలోకి ఎక్కించి, లోపల సంతానాన్ని పెంచి, చివరకు దాన్ని పగలగొడుతుంది. కొన్ని ఫేజిలు పగలగొట్టకుండా లోపలే కాపురముంటాయి.

అటువంటి కాపురాలు కీటకాల్లో తరువాత బయటపడ్డాయి. 1978లో క్యూలెక్స్ దోమలో నివసించే వోల్బాకియా బాక్టీరియాలో వైరస్ వంటి కణాలు కనబడ్డాయి. వోల్బాకియా కీటకకణాల లోపల తప్ప అగర్ పళ్ళెంలో పెరగదు. అందుచేత దెరెల్ మచ్చల పద్ధతి ఇక్కడ చెల్లదు. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని, డి.ఎన్.ఎ. పరీక్షలే దిక్కు. 1999లో బఠానీ మొక్కల పేనుబంకలో ఉండే బాక్టీరియానుండి ఒక ఫేజిని వేరుచేసి, దాని సుమారు 36,500 బేస్ జతల జన్యుక్రమాన్ని చదివారు.

ఈ పేనుబంక ఒంట్లో ఒక చిన్న కందిరీగ గుడ్డు పెడుతుంది. పిల్లపురుగు లోపలినుండి తినివేస్తుంది. కాని బాక్టీరియా, దానిలో ఫేజి ఉన్న పేనుబంక చాలావరకు బతికి బయటపడుతుంది. బాక్టీరియా ఉండి ఫేజి పోయిన పేనుబంకలకు ఆ రక్షణ పోయిందని 2009లో తేలింది.

ఇది వినిపించాక ఆ అమ్మాయి మళ్ళీ లేచింది. "అయితే మాస్టారూ, ఆ ఫేజి పేనుబంకకు చుట్టమా, బాక్టీరియాకు శత్రువా?" ఆ ప్రశ్నను తరగతి మొత్తానికీ ఇంటిపనిగా ఇచ్చాను.