కొలువున కొత్తవారి తొలిపాఠము

2016 అక్టోబరులో కామారెడ్డి జిల్లా ఏర్పడినపుడు మండలకేంద్రమైన రాజంపేట, అంతకు పూర్వము నిజామాబాదు జిల్లాలోను, దానికిని పూర్వము ఆసఫ్‌జాహీల ఏలుబడిలోను ఉండినది. అట్టి పల్లెలలో సర్కారు కొలువున నూతనముగా ప్రవేశించినవానికి పని నేర్పిన విధము తరతరమునకు ఎట్లు మారుచు వచ్చెనో విచారించుట, ఉద్యోగశిక్షణ నానాటికి తెరమీదికి చేరుచున్న ఈ దినములలో మిక్కిలి అవసరమని నా నమ్మకము.

1853లో హైదరాబాదు రాజ్య దివానుగిరీ స్వీకరించిన మొదటి సాలార్‌జంగు, జిల్లాల విభజనయగు జిల్లాబందీ నెలకొల్పి రెవెన్యూ పాలనకు క్రమము కల్పించెను గాని, పల్లెలో ప్రభుత్వమనగా మాలీ పటేలు, పోలీసు పటేలు, పట్వారి అను వతనుదారులే. పట్వారి కొడుకు పట్వారి యగుట ఆనాటి ఆచారము. పహాణీ అను సాగులెక్క వ్రాయు కాలమున తండ్రి సర్వే నంబరు చెప్పగా, కుమారుడు ముండ్లపొదల నడుమ హద్దురాయి వెదకి పట్టుకొని, సాగుచేయుచున్నవాడెవడో, వేసిన పైరేదో, పారెడి నీరు చెరువుదో బావిదో కన్నులార చూచి చెప్పవలెను. రాత్రి దీపము ముందట దస్తరము విప్పి, పగలు చూచినదానిని గడిగడికి తప్పులేక ఎక్కింపవలెను. 33 అడుగుల చదరము గుంట యనియు, 40 గుంటలు ఎకరమనియు అతడు కంఠస్థము చేయుటకు ముందే కాళ్లతో కొలిచి యెరుగును. చేసాల పహాణీ, ఫైసలుపట్టీ, వసూలుబాకీ అను దస్తరపు మాటలు అతని చెవికి ఇంటిమాటలే.

ఇట్టి శిక్షణ ఎంత గట్టిదో అంత అన్యాయమైనది. ఆ విద్య ఒక్క గడప దాటి పోలేదు. తన భూమిని గూర్చి కాగితముమీద ఏమి వ్రాసియున్నదో రైతునకు తెలియదు. 1940వ దశాబ్దమున తెలంగాణమున రగిలిన రైతుల ఆగ్రహమునకు గల కారణములలో ఈ అజ్ఞానబంధనమును ఒకటిగా నేను తలంతును.

1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకము ఆరంభమై, గ్రామసేవకుడను కొత్త ఉద్యోగి ఊళ్లకు వచ్చెను. వానివంటివారిని తీర్చిదిద్దుటకు శిక్షణకేంద్రములు వెలసెను. ముస్సోరీలో పుట్టిన జాతీయ సమాజ వికాస సంస్థ 1965లో హైదరాబాదు చెంతనున్న రాజేంద్రనగరమునకు తరలివచ్చెను. 1984 జనవరిలో పటేలు పట్వారీల వ్యవస్థ రద్దయ్యెను. విద్య గడప దాటినది, మంచిదే. కాని నేర్చుచోటు పొలమునకు దూరమయ్యెను.

ఈ దూరమును తగ్గించుటకు జరిగిన యత్నములలో 1975 ఆగస్టు 1 మొదలు 1976 జులై 31 వరకు నడచిన ఉపగ్రహ బోధనా ప్రయోగము నాకు అత్యంత ఆదరణీయమైనది. అమెరికా ఉపగ్రహము ఏటీఎస్-6 సాయమున ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 పల్లెలకు దూరదర్శన ప్రసారములు చేరెను. వానిలో మన పొరుగుననున్న మెదకు జిల్లా పల్లెలును కలవు. పల్లె బడి పంతుళ్లకు విజ్ఞానశాస్త్రబోధన నేర్పుటకై నడపిన తరగతులలో, తెరమీది పాఠమొక్కటే చాలునని నిర్వాహకులు భ్రమపడలేదు. రేడియో ప్రసంగము, అచ్చువేసిన మార్గదర్శిక, చేతితో చేసి చూచు ప్రయోగములు, కేంద్రమున సందేహము తీర్చుటకు ఒక అనుభవజ్ఞుడగు ఉపాధ్యాయుడు, ఇవన్నియు తెరకు తోడుగా నిలిచెను. ఆకాశమునుండి పాఠము దింపిన నైపుణ్యముకన్న, పంతులు ప్రక్కన ఒక మనిషిని కూర్చుండబెట్టిన వివేకమే గొప్పదని నేననెదను.

2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టము పిమ్మట 9,355 జూనియర్ పంచాయతీ కార్యదర్శుల కొలువులకు ప్రకటన వెలువడెను. డిగ్రీ పట్టాతో వచ్చిన యువతీయువకులు ఇంటిపన్ను, జననమరణముల నమోదు, పారిశుధ్యము, నర్సరీ మొక్కలు, గ్రామసభ అను బరువులను ఒక్కమారుగా తలకెత్తుకొనిరి. 2022 నవంబరులో కేంద్ర ప్రభుత్వ పక్షమున కొత్తగా కొలువున చేరువారికొరకు ‘కర్మయోగి ప్రారంభ్’ అను ఆన్‌లైన్ పాఠక్రమము వచ్చెను. ప్రవర్తనానియమావళి, కార్యాలయ నైతికత, ఉద్యోగులకు సంబంధించిన విధానములు, భత్యములు అందు బోధింపబడును. ఏ కులమువాడైనను, ఏ మూల ఊరివాడైనను ఒకే పాఠమును వినగలుగుట పట్వారి కాలమున ఊహకందని సమత. దీనిని చిన్నచూపు చూడరాదు.

అయినను ఇట్టి నియమావళి పాఠమే విన్న పంచాయతీ కార్యదర్శికి, మరునాడు ఒక వృద్ధురాలు వచ్చి, చనిపోయిన భర్త పేర ఉన్న ఇంటిపన్ను తన పేరికి మార్చుమని అడిగినపుడు, ఏ రిజిస్టరు తీయవలెనో, ఏ కాగితములు కోరవలెనో తెరమీది పాఠము చెప్పకున్నచో ఆ పాఠము సగము పాఠమే. కావున ఇట్టి పాఠక్రమము రచించువారు రాజంపేటవంటి ఊరి నిజమైన రిజిస్టరు పుటనే, పేర్లు తొలగించి, తెరమీద చూపవలెను. పాఠము తేటతెలుగున, కొద్ది నిమిషములకు మించక ఉండవలెను. విన్న దినముననే తన పంచాయతీలో ఆ పని ఒక్కటి చేయించవలెను. పొరుగు ఊరి అనుభవజ్ఞుడగు కార్యదర్శి ఒకరిని మొదటి మూడు నెలలు అతనికి తోడుగా నియమించి, ఆ పనిని ఆయన కొలువులో భాగముగానే లెక్కింపవలెను.