రిక్రూటర్ రాని ఊళ్లు

కోనరావుపేట, మర్రిమడ్ల, వట్టిమల్ల, నిమ్మపల్లి... సిరిసిల్ల ప్రాంతంలో మూలవాగు చుట్టుపక్కల ఈ ఊళ్లలో పదో తరగతి పాసైన పిల్లాడికి సైన్యం నుంచి ఉత్తరం రాదు, ఫోనూ రాదు. యూనిఫాం వేసుకున్న హవల్దారు హైస్కూలు మెట్లెక్కి 'మాతో రా, నీ చదువు ఖర్చు మేం చూసుకుంటాం' అనడు. సికింద్రాబాద్‌లోని ఆర్మీ రిక్రూటింగ్ ఆఫీసు ఒక నోటిఫికేషన్ వేస్తుంది, అంతే. మిగతాదంతా పిల్లలే చూసుకుంటారు. తెల్లారకముందే రోడ్డు మీద రన్నింగ్, సాయంత్రం గ్రౌండ్‌లో బీమ్స్ (పుల్‌అప్స్), రాత్రి ఫోన్‌లో మోడల్ పేపర్లు. 1.6 కిలోమీటర్ల పరుగును 5 నిమిషాల 30 సెకన్లలో ముగిస్తే 60 మార్కులు, 10 బీమ్స్ తీస్తే 40. ఈ లెక్క ఇంటర్ చదివే పిల్లలకు తమ హాల్‌టికెట్ నంబర్ కన్నా బాగా గుర్తుంటుంది.

అమెరికాలో వ్యవహారం దీనికి పూర్తిగా తలకిందులు. జగిత్యాల, కోరుట్ల నుంచి వెళ్లి డాలస్‌లోనో న్యూజెర్సీలోనో స్థిరపడిన కుటుంబాల్లో హైస్కూలు చదివే కొడుకుంటే, ఏదో ఒకరోజు సైన్యం రిక్రూటర్ నుంచి ఫోన్ రావచ్చు. పిల్లాడి పేరు, నంబరు వాళ్లకెలా తెలిశాయని తండ్రి కంగారు పడతాడు. ఇచ్చింది బడే. 2002 జనవరిలో అధ్యక్షుడు జార్జి బుష్ సంతకం చేసిన 'నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్' విద్యా చట్టంలో 9528వ సెక్షన్ ఆ పని చేసింది. కేంద్రం నిధులు తీసుకునే హైస్కూళ్లు, రిక్రూటర్లు అడిగితే విద్యార్థుల పేర్లు, చిరునామాలు, ఫోన్ నంబర్లు ఇవ్వాలి. వద్దనుకునే తల్లిదండ్రులు ఆ మాట రాసివ్వాలి. 2015లో ఆ చట్టం స్థానంలో మరొకటి వచ్చినా ఈ నిబంధన మాత్రం పోలేదు.

రిక్రూటర్ ముందుగా చెప్పేది కాలేజీ ఫీజు సంగతే. దాని పుట్టుక తెలుసుకోదగ్గది. మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడిన మాజీ సైనికులు, రావలసిన బోనస్ కోసం 1932లో వాషింగ్టన్‌లో వేల సంఖ్యలో గుడిసెలు వేసుకుని కూర్చున్నారు. ప్రభుత్వం సైన్యాన్ని పంపి వాళ్లను తరిమేసింది. రెండో యుద్ధం ముగుస్తుంటే మళ్లీ అదే దృశ్యం చూడాల్సి వస్తుందేమోనన్న భయం పాలకులను పట్టుకుంది. 1944 జూన్ 22న రూజ్‌వెల్ట్ సంతకం చేసిన 'జీఐ బిల్' వెనుక ఆ భయం కూడా ఉంది. సుమారు కోటీ 60 లక్షల మంది మాజీ సైనికుల్లో దాదాపు 78 లక్షల మంది ఆ సొమ్ముతో చదువుకున్నారు, పనులు నేర్చుకున్నారు. 1947లో అక్కడి కాలేజీల్లో చేరినవారిలో దగ్గరదగ్గర సగం మంది మాజీ సైనికులే. నల్లజాతి సైనికులకు మాత్రం అందులో సరైన వాటా దక్కలేదు. 1973లో నిర్బంధ సైనిక భర్తీ ఆగిపోయాక మనుషులను ఒప్పించి తెచ్చుకోవాల్సిన పని పడింది. యుద్ధం చేసి వచ్చినవాడికి కృతజ్ఞతగా ఇచ్చిన డబ్బు, ఇంకా చేరనివాడికి వేసే ఎరగా మారింది ఆ తర్వాతే.

మన దగ్గర ఆ ఎర ఎందుకు వేయరంటే, అవసరం లేదు కనుక. అయితే ఈ ప్రాంతానికి సైన్యం దూరంగా ఉండటానికి అంతకన్నా పాత కారణం ఒకటుంది.

1881 నుంచి 1885 వరకు మద్రాసు సైన్యానికి అధిపతిగా, ఆ తర్వాత మొత్తం భారత సైన్యానికి సేనాధిపతిగా పనిచేసిన లార్డ్ రాబర్ట్స్‌కు దక్షిణాది వాళ్లు యుద్ధానికి పనికిరారన్న అభిప్రాయం బలంగా ఉండేది. 'వీరజాతులు' అనే సిద్ధాంతం పుణ్యమా అని 19వ శతాబ్దం ముగిసే నాటికి తెలుగువాళ్ల భర్తీ అడుగంటింది. అంతకుముందు శతాబ్దంలో ఇంగ్లీషు కంపెనీకి దక్కన్‌లోనూ బెంగాల్‌లోనూ గెలుపులు తెచ్చిపెట్టిన సిపాయిల్లో తెలుగువాళ్లున్నారన్న సంగతి రాబర్ట్స్‌కు గుర్తు రాలేదు. గుర్తొచ్చినా ఒప్పుకునేవాడు కాదేమో.

ఈ ఊళ్లు అప్పట్లో ఉన్న నిజాం రాజ్యంలోని కరీంనగర్ జిల్లాది మరీ విచిత్రమైన పరిస్థితి. నిజాం సొమ్ముతో నడిచిన హైదరాబాద్ కంటింజెంట్ 1903లో బ్రిటిష్ ఇండియా సైన్యంలో కలిసిపోయింది. పేరు హైదరాబాద్ రెజిమెంట్ అయినా, రానురాను అందులో కుమావూనీలు, జాట్లు, అహీర్లే ఎక్కువయ్యారు. 1945లో ఆ పేరు కూడా తీసేసి కుమావూన్ రెజిమెంట్ అన్నారు. 1947 నవంబర్ 3న బద్గాంలో ప్రాణాలిచ్చి తొలి పరమవీర చక్ర పొందిన మేజర్ సోమ్‌నాథ్ శర్మ ఆ రెజిమెంట్ నాలుగో బెటాలియన్ వాడు. అంటే మన రాజధాని పేరు మోసిన దళం చరిత్రకెక్కింది, మన ఊళ్ల రైతుబిడ్డ మాత్రం అందులో కనిపించడు. నిజాం సొంతంగా పోషించిన బలగాల్లోనూ అరబ్బులు, రోహిల్లాలు, సిక్కుల పేర్లే ఎక్కువగా వినిపిస్తాయి.

అదే తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరం చూడండి. మొదటి ప్రపంచ యుద్ధానికి ఆ ఊరి నుంచి 90 మంది వెళ్లారు, రెండో యుద్ధానికి వెయ్యి మందికి పైగా. మిలిటరీ మాధవరం అన్న పేరు అలా వచ్చింది. తాత వెళితే తండ్రి, తండ్రి వెళితే కొడుకు వెళ్తారు. మొదటి మనిషే వెళ్లని చోట ఆ దారి పడదు.

ఇక సిరిసిల్ల, జగిత్యాల తాలూకాల్లో కుర్రాళ్లను వెతుక్కుంటూ వచ్చినవాళ్లు ఎవరూ లేరా అంటే, ఉన్నారు. 1978లో రాడికల్ విద్యార్థులు 'గ్రామాలకు తరలండి' అంటూ ఊరూరా తిరిగారు. ఆ సెప్టెంబర్‌లో దొరలకు ఎదురుగా రైతుకూలీలు కదిలిన జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. అక్టోబర్‌లో ప్రభుత్వం సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. తర్వాతి కాలంలో మావోయిస్టు పార్టీకి ప్రధాన కార్యదర్శి అయిన ముప్పాళ్ల లక్ష్మణరావుది బీర్పూర్, ఆయన మొదట బడిపంతులు. తర్వాత అదే పార్టీలో నాయకుడైన తిప్పిరి తిరుపతి కోరుట్లలో చదువుకుంటూ విద్యార్థి సంఘం నుంచి అడవిదారి పట్టాడు. అక్కడ జీతం లేదు, ఫీజు లేదు, తిరిగొస్తామన్న హామీ లేదు, అయినా వెళ్లారు. దొర గడీ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డ తండ్రిని చూసిన కుర్రాడికి వేరే ఆశ చూపాల్సిన పని పడలేదు. వెళ్లినవాళ్లలో ఎందరో శవాలై తిరిగొచ్చారు, ఇటు పోలీసు కుటుంబాల్లోనూ ఏడుపులు మిగిలాయి.

ఆ తర్వాత వచ్చినవాడు గల్ఫ్ ఏజెంటు. అమెరికా రిక్రూటర్ చేరినవాడికి బోనస్ ఇస్తే, మన ఏజెంటు చేరేవాడి దగ్గరే వసూలు చేస్తాడు. సిరిసిల్లలో సాంచాల (మరమగ్గాల) పని సరిగా నడవనప్పుడల్లా భివండీ, సూరత్, లేదంటే దుబాయి. 'మిలిటరీల కలిసిండు' అన్న మాట ఈ ఊళ్లలో వినబడటం మొన్నమొన్నటి సంగతి.

2019 అక్టోబర్‌లో కరీంనగర్ అంబేడ్కర్ స్టేడియంలో జరిగిన ఆర్మీ ర్యాలీకి తెలంగాణ నలుమూలల నుంచి కుర్రాళ్లు వచ్చారు. తర్వాత కరోనా. భర్తీలు నిలిచిపోయాయి. ఫిజికల్, మెడికల్ అయిపోయి రాత పరీక్ష ఒక్కటే మిగిలినవాళ్లు నెలల తరబడి ఎదురు చూశారు. 2022 జూన్ 14న అగ్నిపథ్ ప్రకటన వచ్చింది, పాత భర్తీలు రద్దయ్యాయి. మూడు రోజులకు, జూన్ 17న, సికింద్రాబాద్ రైల్వే స్టేషన్‌లో బోగీలు తగలబడ్డాయి. పోలీసు కాల్పుల్లో వరంగల్ జిల్లా కుర్రాడొకడు చనిపోయాడు. ఆ తగలబెట్టడాన్ని ఎవరూ సమర్థించలేరు. కానీ చివరి మెట్టు మీద నిలబెట్టి నిచ్చెన లాగేస్తే ఏం జరుగుతుందో ఊహించకపోవడం కూడా చిన్న తప్పు కాదు.

అగ్నిపథ్‌లో ఉన్నదేమిటి? చేరే వయసు పదిహేడున్నర నుంచి మొదలవుతుంది. సేవ నాలుగేళ్లు. మొదటి ఏడాది నెల జీతం 30,000, అందులో చేతికొచ్చేది 21,000. నాలుగో ఏడాదికి జీతం 40,000. ప్రతి నెలా కోసే 30 శాతానికి ప్రభుత్వం అంతే కలుపుతుంది. చివర్లో వడ్డీతో సహా సుమారు 11.71 లక్షల సేవానిధి వస్తుంది, దానికి ఆదాయ పన్ను లేదు. నూటికి 25 మందికి మించకుండా కొనసాగిస్తారు. మిగతావాళ్లకు పింఛను లేదు, గ్రాట్యుటీ లేదు.

చదువు సంగతి ఇక్కడే వస్తుంది. పదో తరగతితో చేరినవాడికి ఎన్‌ఐఓఎస్ ద్వారా పన్నెండో తరగతి సర్టిఫికెట్. ఇంటర్ అయినవాడికి ఇగ్నో డిగ్రీ, అందులో సగం క్రెడిట్లు సైన్యంలో నేర్చిన పనికే ఇస్తారు. నా మటుకు ఇది కాగితం మీద చదువు. అమెరికా సైనికుడికి దొరికేది కాలేజీలో చదువుకోవడానికి ఫీజు, ఉండటానికి ఖర్చు. మనవాడికి దొరికేది పట్టా. రెండూ ఒకటని చెప్పడం సరికాదు. సేవానిధితో బయటికొచ్చాక చదువుకోవచ్చు కదా అంటారు. ఇరవై రెండేళ్ల కుర్రాడు 11 లక్షలతో ఇంటికొస్తే చెల్లె పెండ్లి, ఇంటి స్లాబు, నాన్న గల్ఫ్ అప్పు వరుసలో ముందే నిలబడి ఉంటాయి. డిగ్రీ కాలేజీ వంతు వచ్చేసరికి ఏం మిగులుతుందో ఈ ఊళ్లలో ఎవరినడిగినా చెబుతారు.

నిజానికి ఫీజు కోసం సైన్యంలోకి వెళ్లాల్సిన అగత్యం తెలుగు పిల్లాడికి అంతగా లేదు. 2008 నుంచి ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది. బకాయిలు పేరుకుపోయి కాలేజీలు సర్టిఫికెట్లు ఆపుతున్న మాట వాస్తవమే అయినా, సీటు దొరకడం కష్టం కాదు. సీటు దొరికి, పట్టా చేతికొచ్చాక ఉద్యోగం లేకపోవడమే అతన్ని తెల్లవారుజామున రోడ్డు మీద పరిగెత్తిస్తోంది.

పద్ధతిగా సైన్యంలోకి పంపే దారులు మనకూ లేకపోలేదు. 1961లో రక్షణ మంత్రి కృష్ణమీనన్ ఆలోచనతో మొదలైన సైనిక పాఠశాలల్లో విజయనగరం దగ్గరి కోరుకొండ ఒకటి. కరీంనగర్ జిల్లా చొప్పదండి మండలం రుక్మాపూర్‌లో సాంఘిక సంక్షేమ గురుకుల సైనిక పాఠశాల నడుస్తోంది. కోనరావుపేట పిల్లాడికి కోరుకొండ కన్నా ఇదే దగ్గర. ఇలాంటి చోట చదివినవాడు ఎన్‌డీఏ (నేషనల్ డిఫెన్స్ అకాడమీ) పరీక్ష రాసి అధికారిగా వెళ్లగలడు. సిపాయి ర్యాలీ గురించి తెలిసినంతగా ఈ దారి గురించి ఊళ్లలో తెలియదు. ఆరో తరగతికి ముందే చెప్పాల్సిన సంగతి ఇది, పదో తరగతి అయ్యాక చెబితే ఆలస్యమైనట్టే.

పద్దెనిమిది నిండని పిల్లాడి భర్తీ కాగితాల మీద తల్లి లేదా తండ్రి సంతకం కావాలి, క్యారెక్టర్ సర్టిఫికెట్ సర్పంచ్ ఇవ్వాలి. ఆ సంతకాలు పెట్టేవాళ్లకు ఒక మనవి. పిల్లాణ్ని ఆపమని కాదు, కానీ నాలుగేళ్ల తర్వాత నలుగురిలో బయటికొచ్చే ముగ్గురి లెక్కలో తేలితే ఏం చేస్తావని కూర్చోబెట్టి అడగండి. సేవానిధిలో కనీసం రెండు మూడు లక్షలు వాడి చదువుకో, చేతిపనికో తీసి పెడతామని ఇంట్లో ఇప్పుడే మాట అనుకోండి. అగ్నివీరుల మొదటి బ్యాచ్ 2023 జనవరికి శిక్షణ కేంద్రాల్లో ఉంది. వాళ్ల నాలుగేళ్లు 2026 ముగిసి 2027 మొదలయ్యే వేళకు పూర్తవుతాయి.