కట్ట, తూము, గూడు: నేలపట్టు చెరువు చరిత్రపై ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

తడ నుంచి జాతీయ రహదారి వెంట ఉత్తరంగా సూళ్లూరుపేట దాటి వెళ్తే దొరవారిసత్రం మండలంలో నేలపట్టు గ్రామం ఉంది. నెల్లూరు జిల్లాలో ఉన్న ఈ ప్రాంతం 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లాలో చేరింది. ఇక్కడి చెరువు గూడబాతుల సంతానోత్పత్తి స్థావరంగా ప్రసిద్ధం. ప్రభుత్వం 1976లో దీనిని పక్షి సంరక్షణ కేంద్రంగా ప్రకటించింది. కేంద్రం విస్తీర్ణం 458.92 హెక్టార్లు. అందులో చెరువు వైశాల్యం సుమారు 82 హెక్టార్లు. మిగిలిన భూమిలో అధిక భాగం పొదలతో నిండిన మెట్ట అడవి.

నేలపట్టును గురించిన రచనలు సాధారణంగా 1976తో మొదలై పక్షుల జాబితాతో ముగుస్తాయి. ఆ పక్షులు ఆశ్రయించినది మాత్రం సహజ సరస్సు కాదు. వాన నీటిని మట్టికట్టతో నిలిపి, తూము ద్వారా పొలాలకు వదిలే వ్యవసాయపు చెరువు అది. కాబట్టి ఈ సంరక్షణ కేంద్రం చరిత్రను సాగునీటి చరిత్రలో భాగంగా చదవాలన్నది ఈ వ్యాసం ప్రతిపాదన.

రెండు రకాల ఆధారాలు

దక్షిణ కోస్తా చెరువులను గురించి వలస పాలన విస్తారమైన రికార్డును మిగిల్చింది. చెరువు, కాలువ పనులకు గ్రామస్థుల శ్రమను తప్పనిసరి చేస్తూ 1858లో మద్రాసు ప్రభుత్వం చట్టం చేసింది. 1883లో చెరువుల పునరుద్ధరణ పథకాన్ని ప్రారంభించింది. ఈ వ్యవస్థ దృష్టిలో చెరువంటే కట్ట పొడవు, కలుజు ఎత్తు, తూముల సంఖ్య, ఆయకట్టు, శిస్తు. చెట్లపై గూళ్లకు ఆ లెక్కలో స్థానం లేదు.

అదే కాలంలో పక్షిశాస్త్రవేత్తలు మరొక రికార్డును నిర్మించారు. 1840లలో నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేసిన టి.సి. జెర్డన్, కర్ణాటక ప్రాంతంలో ఊరి నడుమ పొట్టి చెట్లపై గూడబాతులు గూళ్లు కట్టుకోవడాన్ని, అవి మనుషుల సామీప్యాన్ని లెక్కచేయకపోవడాన్ని నమోదు చేశారు. 1906లో సి.ఇ. రేనియస్ కడప జిల్లాలో ఇటువంటి స్థావరాన్ని చూశారు. 1946లో కె.కె. నీలకంఠన్ కొల్లేటి ప్రాంతంలో పెద్ద స్థావరాన్ని గుర్తించి, 1949లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో దానిని వివరించారు. కాలక్రమంలో ఆ స్థావరాన్ని పక్షులు విడిచిపెట్టాయి. 1983లో వి. నాగులు, జె.వి. రమణారావు దక్షిణ భారత గూడబాతు స్థావరాల సర్వేను ప్రచురించారు. ఈ పరంపరకు గూళ్ల సంఖ్య, గుడ్ల సంఖ్య ముఖ్యం. తూము ఎప్పుడు తెరిచారన్నది దాని ప్రధాన ప్రశ్న కాదు.

ఒకే నీరు, రెండు క్యాలెండర్లు

ఈ రెండు రికార్డులనూ పక్కపక్కన పెట్టి చదివితే నేలపట్టు అసలు సమస్య కనిపిస్తుంది. ఈ ప్రాంతానికి ప్రధాన వర్షాధారం ఈశాన్య రుతుపవనం. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు చెరువు నిండుతుంది. వరి పంటకూ గూడబాతు గూటికీ అదే అదను. చెరువులోని నీటి కడప చెట్లు (బారింగ్టోనియా అక్యుటాంగ్యులా) మొదళ్లు మునిగినా బతకగలవు. గూడబాతులు, నత్తగుల్ల కొంగలు, తెల్లకంకణాలు, నీటికాకులు వాటిపై గూళ్లు కడతాయి. చెట్టు చుట్టూ ఉన్న నీరే గూటికి కోట. నీరు తగ్గితే నక్కలకూ కుక్కలకూ మనుషులకూ దారి ఏర్పడుతుంది.

గూడబాతు గుడ్డు పొదగడానికి దాదాపు నెల పడుతుంది. ఆ తర్వాత పిల్ల మూడు నుంచి అయిదు నెలలు గూటిని అంటిపెట్టుకొని ఉంటుంది. పెద్ద పక్షులు పులికాట్ సరస్సు దాకా ఎగిరి చేపలు తెచ్చి పిల్లలను మేపుతాయి. అందువల్ల మార్చి, ఏప్రిల్ వరకు చెట్ల కింద నీరు నిలవాలి. పైరు చివరి తడులు కోరేదీ, పిల్లలు రెక్కలు ముదరక గూళ్లలో ఉండేదీ దాదాపు ఒకే కాలం. మంచి వానల ఏడాది ఇద్దరి అవసరాలూ తీరతాయి. వానలు తప్పిన ఏడాది కొన్ని వారాల నీరే వివాదాంశమవుతుంది.

అయితే ఈ సంబంధాన్ని కేవలం వైరంగా చూడటం చరిత్రకు న్యాయం కాదు. పొరుగున చెంగల్పట్టు ప్రాంతంలోని వేడంతాంగల్ ఇందుకు నిదర్శనం. పక్షుల రెట్టతో సారవంతమైన చెరువు నీరు పొలాలకు మేలు చేస్తుందని గుర్తించిన అక్కడి రైతులే పక్షులకు రక్షణ కోరారు. 1798లో కలెక్టర్ లయొనెల్ ప్లేస్ వారికి కౌలునామా ఇచ్చారు. సంరక్షణ చట్టాలు రావడానికి చాలా ముందే ఆయకట్టు రైతు పక్షికి కాపరి కాగలిగాడు.

ఒక తూము, రెండు చట్టాలు

స్వాతంత్ర్యానంతరం ఈ బాధ్యత విభజితమైంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం గూళ్లను అటవీ శాఖ పరిధిలోకి తెచ్చింది. 1997లో ఆంధ్రప్రదేశ్ చేసిన సాగునీటి వ్యవస్థల రైతు నిర్వహణ చట్టం, నీటి నిర్వహణలో ఆయకట్టుదారుల సంఘాలకు అధికారం కల్పించింది. 2002 సవరణ అభయారణ్యంలోకి వచ్చే నీటినీ, అక్కడి నుంచి బయటికి పోయే నీటినీ మళ్లించడం, ఆపడం, పెంచడం వన్యప్రాణి ప్రధాన సంరక్షకుని అనుమతి లేనిదే కుదరదని నిర్దేశించింది. తూము తలుపు ఎత్తడం అంతకుముందు సేద్యపు పని మాత్రమే. ఇప్పుడు అది వన్యప్రాణి చట్టానికి కూడా సంబంధించిన చర్య. ఈ రెండు చట్టాలూ వేర్వేరు ఉద్దేశాలతో పుట్టినవి. అవి రెండూ ఒకే చెరువు కట్టపై ఎదురుపడతాయి.

ముగింపు

2001 నుంచి సూళ్లూరుపేట కేంద్రంగా ఫ్లెమింగో ఫెస్టివల్ జరుగుతోంది. నేలపట్టుతో పాటు తడ మండలంలోని భీములవారిపాలెం కూడా దానికి వేదికే. ఆ ఉత్సవం పక్షులను ప్రజల స్మృతిలో నిలిపింది. కట్టకూ, తూముకూ, దానిని నడిపిన రైతుకూ అటువంటి గుర్తింపు రాలేదు. కట్ట తెగినా, చెరువు పూడినా నష్టపోయేది పొలం ఒక్కటే కాదు. పిల్లలు ఎగిరే లోపే చెరువు ఇంకితే ఆ ఏటి సంతానమే పోతుంది. అందువల్ల ఏటా ఎన్ని గూళ్లు లెక్కకు వచ్చాయన్న సమాచారాన్ని, ఆ ఏడు కట్ట వద్ద నీటిమట్టం ఎంత, తూము ఎన్ని రోజులు తెరిచి ఉందన్న సమాచారంతో కలిపి చదవడం అవసరం. ఆ పని చరిత్ర పరిశోధకులకు కొత్త క్షేత్రాన్ని చూపుతుంది. వానలు తప్పిన ఏడాది రైతులూ అటవీ సిబ్బందీ ఒకచోట కూర్చొని నీటిని పంచుకోవడానికి అది ఆధారం కూడా అవుతుంది.