తండ్రి దేవుని ప్రేమ: హైదరాబాద్ ప్రాంత క్రైస్తవ కళ

దేవుణ్ణి తండ్రిగా తలచి, ఆ ప్రేమను పాటలో, రాతిలో, రంగుటద్దంలో, కథాగానంలో పలికించే కళా సంప్రదాయం ఇది. పూర్వపు హైదరాబాద్ సంస్థానంలోనూ పొరుగు తెలుగు జిల్లాల్లోనూ వేళ్లూనుకొంది. తండ్రికి రూపం గీయడం ఇక్కడ అరుదు. ఆయన ప్రేమను కుమారుని జీవిత ఘట్టాల ద్వారా, లూకా సువార్త 15వ అధ్యాయంలోని తప్పిపోయిన కుమారుని కథ ద్వారా చూపించడమే వాడుక.

పాతబస్తీలో క్రైస్తవ ఆనవాళ్లలో పాతవి ఉప్పుగూడలోని ఆర్మేనియన్ సమాధులు. 17వ శతాబ్దంలో గోల్కొండ రాజ్యానికి వచ్చిన వర్తకుల సమాజం వాటిని వదిలివెళ్లింది.

హైదరాబాద్ దివాను మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్ నగరంలో కొన్న 'ముసుగు రెబ్కా' పాలరాతి శిల్పం నేడు దారుల్‌షిఫా వద్ద సాలార్‌జంగ్ మ్యూజియంలో ఉంది. చెక్కినవాడు ఇటలీ శిల్పి జొవాన్ని మరియా బెంజోని. ముఖం మీది ముసుగూ రాయే, అయినా దాని వెనుక కనురెప్పలు, పెదవులు తెలుస్తాయి. ఆదికాండం 24వ అధ్యాయంలో అబ్రాహాము తన కుమారుడు ఇస్సాకుకు వధువును వెదకడానికి నమ్మకమైన సేవకుణ్ణి పంపుతాడు. ఆ వధువే రెబ్కా. క్రైస్తవ బోధకులు ఈ తండ్రిలో పరలోకపు తండ్రిని, వధువులో సంఘాన్ని చూస్తారు. మ్యూజియానికి వచ్చేవారిలో ఎక్కువమంది మాత్రం ముసుగు పనితనం చూసే ఆగిపోతారు.

కీర్తన

తెలుగు క్రైస్తవ కీర్తనకు ఆద్యుడిగా పురుషోత్తమ చౌదరి (1803–1890) పేరు చెబుతారు. పర్లాకిమిడి ప్రాంతపు బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, 1833లో బాప్తిస్మం పొందాడు. యూరప్ బాణీలకు తెలుగు మాటలు అతికించే పద్ధతి వదిలి, పల్లవి, చరణాలతో కీర్తనలు కట్టడం ఆయన చేసిన గొప్ప పని. 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' పుస్తకంలో నేటికీ పాట నెత్తిన రాగం, తాళం పేర్లు అచ్చవుతాయి. తంబురా, తాళాలు, మృదంగం చేతికొచ్చిన భజన బృందానికి 'తండ్రీ' అన్న పిలుపు పరాయిగా తోచలేదు. అప్పటికే తెలుగు భక్తి పాట దేవుణ్ణి అలా పిలుస్తూ ఉంది.

మెదక్ కిటికీలు

వెస్లియన్ మెథడిస్టు మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ కట్టించిన మెదక్ చర్చిని 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారు. నిర్మాణం దాదాపు పదేళ్లు సాగింది. కరువు కాలంలో ఊళ్ల జనానికి కూలి పనితో పాటు తిండి దొరికేలా ఈ పని నడిపించారు. ఆకలిగొన్నవాడికి ముందు అన్నం పెట్టి, ఆ తరువాత గుడి చూపిన ఈ తీరు ఏ ప్రసంగానికీ తీసిపోదు. భవనం 100 అడుగుల వెడల్పు, 200 అడుగుల పొడవు. గోపురం ఎత్తు సుమారు 175 అడుగులు.

దీని కళాఖ్యాతి మూడు రంగుటద్దాల కిటికీలది. రూపకర్త లండన్ చిత్రకారుడు ఫ్రాంక్ ఓ. సాలిస్‌బరీ (1874–1962). బలిపీఠం వెనుక ఉత్తరాన క్రీస్తు ఆరోహణం (1927), పడమట జననం (1947), తూర్పున సిలువ (1958) ఉన్నాయి. సంవత్సరాల వరుస కాక కథ వరుసలో చూస్తే, తండ్రి కుమారుణ్ణి ఇవ్వడం, ఆ కుమారుడు ప్రాణం పెట్టడం, తిరిగి తండ్రి దగ్గరికి చేరడం ఒక్క చుట్టుగా కనిపిస్తాయి. ముక్కలు ముక్కలుగా అతికిన ఈ అద్దాలకు వెలుతురు బయటి నుంచే రావాలి. పొద్దు గుంకాక లోపల ఎన్ని దీపాలు వెలిగించినా బొమ్మలు నల్లబడే ఉంటాయి. పగలు వచ్చినవారికే అవి దక్కుతాయి.

డోర్నకల్ చర్చి (1939) ఇంకో దారి పట్టింది. 1912లో బిషప్ అయిన వేదనాయకం శామ్యూల్ అజరయ్య దానికి మసీదు గుమ్మటాలను, దేవాలయ స్తంభాలను కలిపి రూపం ఇప్పించాడు; ఆరాధనలో కీర్తనలను, కథాకాలక్షేపాలను ప్రోత్సహించాడు.

కథ, తెర

తప్పిపోయిన కుమారుని ఉపమానం సండేస్కూలు నాటికల్లోకి, బుర్రకథల్లోకి సులువుగా వచ్చింది. ఆస్తి పంచమని అడిగిన కొడుకు, పందుల పొట్టుకు ఆశపడే దశ, దూరాన చూసి పరుగెత్తుకొచ్చే తండ్రి: హాస్యం, కరుణ రెండూ సిద్ధంగా ఉన్న కథ ఇది. ఇంట్లో ఉండిపోయిన పెద్దకొడుకు అలక చాలా ప్రదర్శనల్లో కుదించుకుపోతుంది. ఆస్తి తగవులు ఎరిగిన పల్లె ప్రేక్షకుడికి నిజానికి రక్తి కట్టేది అదే.

గుర్రం జాషువా (1895–1971) 'క్రీస్తు చరిత్ర' కావ్యానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. 1978లో విజయచందర్ క్రీస్తుగా నటించిన 'కరుణామయుడు' విడుదలైంది, ఎ. భీమ్‌సింగ్ దర్శకుడు. తరువాత హిందీలో 'దయాసాగర్'గా వెళ్లిన ఈ చిత్రాన్ని పల్లెల్లో తెర కట్టి రాత్రిపూట చూపించేవారు.