ఎల్లలు దాటిన వెల్ష్ ఆడపిల్లల పేర్లు

1282లో ఉత్తర వేల్స్‌లో ఒక రాకుమారి పుట్టింది. తల్లి పురిట్లోనే పోయింది. తండ్రి ల్లివెలిన్, వేల్స్ యువరాజు, అదే ఏడాది డిసెంబరు 11న ఇంగ్లండు సేనల చేతిలో హతమయ్యాడు. ఆ పిల్ల పెరిగి పెద్దదై ఒక మగబిడ్డను కంటే వేల్స్ గద్దెకు మళ్ళీ వారసుడు లేస్తాడు. ఆ భయంతో ఇంగ్లండు రాజు మొదటి ఎడ్వర్డ్ పసిగుడ్డుగా ఉండగానే ఆమెను తూర్పు ఇంగ్లండులోని లింకన్‌షైర్‌కు పంపి, సెంప్రింగమ్ సన్యాసినుల మఠంలో పెట్టించాడు. 1337లో చనిపోయేదాకా ఆమె ఆ గోడల మధ్యే బతికింది. ఆమె పేరు గ్వెన్‌ల్లియన్. ఆనాటి ఇంగ్లీషు పత్రాల్లో అది వెంట్లియాన్ అయింది, మరోచోట వెన్సిలియన్ అయింది.

అలా కావడానికి కారణం నడుమ ఉన్న జంట 'ల్ల'. వెల్ష్‌లో అది మన 'ల్ల' కాదు. నాలుక కొసను 'ల' పలికే చోటే ఆనించాలి, గొంతు కలపకూడదు, నాలుక పక్కల నుంచి గాలిని బుస్సున వదలాలి. వేల్స్‌లో పసిపిల్లలు తల్లి ఒళ్ళోనే నేర్చేసుకునే ఈ ధ్వని ఇంగ్లీషులో లేదు. మన లిపిలోనూ దానికి అక్షరం లేదు. లింకన్‌షైర్‌లో గుమాస్తాలు తమకు వినబడింది రాశారు. చుట్టూ వెల్ష్ మాట్లాడేవాళ్ళు లేని చోట పెరిగిన ఆమెకు తన పేరు సరిగ్గా ఎలా పలకాలో ఎవరు చెప్పి ఉంటారు? నాకు ఈ కథలో అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే.

పేరు గడప దాటగానే కొత్త ఊరివాళ్ళ నోటికి తగ్గట్టు మారిపోవడం అప్పటికే ఉన్నదే. సరిహద్దు జిల్లాల నార్మన్ కుటుంబాలు వెల్ష్ కోడళ్ళను తెచ్చుకున్నాయి. వాళ్ళతో వచ్చిన అంఘారద్ అనే అందమైన పేరు ఇంగ్లీషు కవిలెల్లో అంకరెట్‌గా స్థిరపడింది. 1477లో వారిక్‌లో విషప్రయోగం చేసిందన్న అబద్ధపు నేరం మోపి ఉరితీసిన పరిచారిక అంకరెట్ ట్వైన్‌హో పేరు మూలం అదే. నెస్ట్ అనే పేరు నెస్టా అయింది. ఏడో శతాబ్దపు పుణ్యవతి గ్వెన్‌వ్రెవి అస్థికలను 1138లో ష్రూస్‌బరీకి తరలించాక, ఇంగ్లీషువాళ్ళ నోట ఆమె వినిఫ్రెడ్ అయింది. ఆ వినిఫ్రెడ్ ఎంత దూరం వెళ్ళిందంటే, 1936లో దక్షిణాఫ్రికా తూర్పు కేప్‌లో పుట్టిన ఒక ఖోసా ఆడపిల్లకు నొంజామో వినిఫ్రెడ్ అని పేరు పెట్టారు. లోకం ఆమెను విన్నీ మండేలాగా ఎరుగును.

ఇంట్లో మాత్రం ఏం జరిగింది? అక్కడా పాత పేర్లు నిలబడలేదు. మధ్యయుగపు వేల్స్‌లో లెయికి, టాంగ్విస్టిల్, గ్వెర్విల్, మోర్విద్ లాంటి పేర్లుండేవి. కూతురి పేరు తర్వాత 'వెర్ఖ్' అని చేర్చి తండ్రి పేరు చెప్పేవారు. 1536, 1543 చట్టాలతో వేల్స్ పాలన పూర్తిగా ఇంగ్లీషులోకి మారింది. 1538 నుంచి చర్చి రిజిస్టర్లు మొదలయ్యాయి. రాసే కలం ఇంగ్లీషుది. ఇంట్లో షాన్ అని పిలిచే పిల్ల రిజిస్టర్లో జేన్ అయింది, మార్గెడ్ మార్గరెట్ అయింది, కాట్రిన్ కేథరిన్ అయింది. తర్వాత ప్రొటెస్టెంటు భక్తి ఉద్యమాలు బలపడి బైబిలు పేర్లు ఇంటింటా చేరాయి. పద్దెనిమిదో శతాబ్దం నాటికి ఊళ్ళో సగం మంది మేరీలు, ఆన్‌లు, ఎలిజబెత్‌లు అన్నట్టుండేది.

పాత పేర్లను తిరిగి వెలికి తెచ్చినది ఒక అనువాదం. లింకన్‌షైర్‌లో పుట్టి, పెళ్ళితో దక్షిణ వేల్స్‌లోని దౌలైస్ ఇనుప కర్మాగారాల ఇంటికి కోడలిగా వచ్చిన లేడీ షార్లట్ గెస్ట్, మధ్యయుగపు వెల్ష్ కథల్ని 'మబినోగియన్' పేరుతో 1838 నుంచి ఇంగ్లీషులో ప్రచురించింది. ఆమె వెల్ష్ నేర్చుకుంది, పండితుల సాయం తీసుకుంది, పిల్లల్ని కంటూ పెంచుతూ ఆ పని ముగించింది. రియానన్, బ్రాన్వెన్, ఓల్వెన్, ఎనిడ్ ఆ పుటల్లోంచి లేచి వచ్చారు. 1847లో ప్రభుత్వ విద్యా నివేదిక వెల్ష్ భాషనూ వెల్ష్ స్త్రీల నడతనూ కించపరిచింది. ఆ అవమానం పడ్డ జాతికి ఈ కథానాయికలు పెద్ద ఊరట. తల్లిదండ్రులు ఓల్వెన్ అనీ బ్రాన్వెన్ అనీ పేర్లు పెట్టడం మొదలెట్టారు. నెరిస్, గ్లెనిస్, డిలిస్ వంటి కొత్త పేర్లనూ కల్పించుకున్నారు.

ఇంగ్లండు మాత్రం ఆ కథల్ని మరో దారిలో అందుకుంది. కవి టెన్నిసన్ గెస్ట్ అనువాదం చదివి 1859లో 'ఎనిడ్' అనే కావ్యం వెలువరించాడు. 1872లో 'గారెత్ అండ్ లినెట్' వచ్చింది. వెల్ష్ కథలోని లినెద్‌కు ఫ్రెంచి నోటి గుండా వచ్చిన రూపమే లినెట్. ఒక్క తరం గడిచేసరికి వేల్స్‌తో ఏ బంధుత్వమూ లేని లండన్ ఇళ్ళలో ఎనిడ్‌లు పుట్టారు. 1897లో ఈస్ట్ డల్విచ్‌లో పుట్టిన ఎనిడ్ బ్లైటన్ అలాంటి పిల్లే. హైదరాబాదులోనో విజయవాడలోనో ఇంగ్లీషు మీడియంలో చదివిన పిల్లలు ఆమె పుస్తకాల అట్టల మీద చూసింది ఒక మధ్యయుగపు వెల్ష్ కథానాయిక పేరు. గ్లాడిస్ సంగతీ అంతే. అసలు రూపం గ్వ్లాదిస్. రచయిత్రి వీడా 1870లో రాసిన 'పక్' నవల నాయికకు ఆ పేరుండటంతో ఇంగ్లండంతా పాకి, అక్కడి నుంచి క్రైస్తవ మిషనరీల వెంట మన కోస్తా జిల్లాల దాకా వచ్చింది. గ్వెండొలెన్‌ను 1876లో జార్జ్ ఎలియట్ నవల, 1895లో ఆస్కార్ వైల్డ్ నాటకం ఊరూరా తిప్పాయి. 1917లో అమెరికాలోని కాన్సస్‌లో పుట్టిన గ్వెండొలిన్ బ్రూక్స్ 1950లో పులిట్జర్ అందుకున్న తొలి నల్లజాతి రచయిత్రి.

వేల్స్ దాటిన ఆడపిల్లల పేర్లను బయటికి మోసుకెళ్ళింది వలసవెళ్ళిన వెల్ష్ కుటుంబాలకన్నా ఎక్కువగా పుస్తకం, పాట, సినిమా. వలసవెళ్ళిన తండ్రి పిల్లకు మేరీ అని పేరు పెట్టాడు. పాఠకుడు తన పిల్లకు ఎనిడ్ అని పెట్టాడు.

అయితే ప్రతి పాటా పేరును మోసుకుపోలేదు. స్వరకర్త జోసెఫ్ ప్యారీ సంగతే చూడండి. 1841లో మెర్థిర్ టిడ్‌విల్‌లో పుట్టాడు, కుటుంబంతో పెన్సిల్వేనియాలోని డాన్విల్‌కు వలసవెళ్ళి పిల్లవాడిగానే ఇనుప మిల్లులో పని చేశాడు, తర్వాత సంగీతం చదివి స్వదేశం చేరాడు. 1875లో వచ్చిన అతని 'మవాన్వి' పాటను వెల్ష్ మగవాళ్ళ బృందాలు ఈనాటికీ గొంతెత్తి పాడతాయి. ఆ పాటను లోకమంతా విన్నది. కానీ పేరు పెట్టడానికి జంకింది. కాగితం మీద అక్షరాలు చూసిన ఇంగ్లీషువాడు దాన్ని 'మైఫాన్వీ' అంటాడు. వెల్ష్‌లో ఒక్క 'ఎఫ్' అంటే 'వ', రెండు 'ఎఫ్'లుంటేనే 'ఫ'. చెవికి ఇంపైన పేరు కూడా కంటికి చిక్కుముడిగా కనబడితే దూరం పోలేదు.

ఇరవయ్యో శతాబ్దంలో కావ్యం స్థానంలో వెండితెర వచ్చింది. రిచర్డ్ ల్లెవెలిన్ 1939 నవల 'హౌ గ్రీన్ వాజ్ మై వ్యాలీ'ని జాన్ ఫోర్డ్ 1941లో సినిమాగా తీశాడు. వెల్ష్ బొగ్గు గని ఊరిని కాలిఫోర్నియా కొండల్లో కట్టారు. అంఘారద్ పాత్రను ఐర్లండు నటి మరీన్ ఓహారా వేసింది. ఆ కథలోని బ్రొన్వెన్, అంఘారద్ ఇద్దరూ ప్రేక్షకుల మనసు దోచారు. తొట్టెల దాకా వెళ్ళింది మొదటి పేరే. అదీ బయట 'బ్రొన్విన్' అయింది. వెల్ష్‌లో 'వెన్' ఆడవాళ్ళకూ 'విన్' మగవాళ్ళకూ వాడే చివర. అందుకే 'విన్' రాత చూస్తే వేల్స్‌లో ముఖం చిట్లిస్తారు. ఆస్ట్రేలియాలో, దక్షిణాఫ్రికాలో అదే మామూలు రాత. 2013 నుంచి 2015 దాకా ఆస్ట్రేలియా దిగువసభ స్పీకర్ బ్రొన్విన్ బిషప్. కొండ అని అర్థమిచ్చే బ్రిన్ వేల్స్‌లో మగపిల్లల పేరు, అమెరికాలో ఆడపిల్లలకు పెడుతున్నారు.

పాట మోసిన పేర్లలో రియానన్‌ది విచిత్రమైన చరిత్ర. గాయని స్టీవీ నిక్స్ ఒక నవలలో ఆ పేరు చూసి ముచ్చటపడి పాట కట్టింది. మబినోగియన్ గురించి ఆమెకు తెలిసింది ఆ తర్వాతే. ఆమె బృందం ఫ్లీట్‌వుడ్ మ్యాక్ 1975 ఆల్బంలో అది వచ్చాక అమెరికాలో రియానన్‌లు పుట్టడం మొదలైంది. గాయని గ్వెన్ స్టెఫానీకి ఆ పేరు 1968 నాటి 'ఎయిర్‌పోర్ట్' నవలలోని విమాన పరిచారికను బట్టి వచ్చింది. పేరుకు దారి చూపేది ఎంత చిన్న సంగతో!

మెగన్ ప్రయాణం వేరు. మార్గరెట్‌కు వెల్ష్ ఇంటి ముద్దుపేరు అది. వేల్స్ నుంచి ఎన్నికైన తొలి మహిళా ఎంపీ, 1929లో ఆంగ్లెసీ నుంచి గెలిచిన మెగన్ లాయిడ్ జార్జ్, దానికి గౌరవం తెచ్చింది. 1980ల్లో అమెరికాకు అది అలవాటైపోయి, ఐరిష్ పేరనుకుని మధ్యలో 'హెచ్' చేర్చి రాసేవాళ్ళూ వచ్చారు. నియా ఇంకా సులువుగా పోయింది. ఐరిష్ నీవ్ నుంచి కవి టి. గ్విన్ జోన్స్ 1916లో వెల్ష్‌కు తెచ్చిన పేరది. స్వాహిలీలో అదే మాట సంకల్పాన్ని చెబుతుంది కనుక ఆఫ్రికన్ అమెరికన్ ఇళ్ళలో దానంతట అదే వెలిసింది. ఇప్పుడు విదేశాల్లోని భారతీయ కుటుంబాల్లోనూ వినబడుతోంది. బళ్ళో టీచరమ్మ నోరు తిరుగుతుందా అని ముందే చూసుకుని పేరు వెతకడం అమెరికాలోని మన తెలుగు తల్లిదండ్రులకు బాగా తెలిసిన పనే.

తేలికగా పలికే పేరు ఎంచుకోవడాన్ని నేను తప్పుపట్టను. అయితే రాత మార్చడం మాత్రం నాకు నచ్చదు. షాన్ అనే పేరులో అచ్చు మీద చిన్న టోపీ గుర్తుంటుంది. చాలా దరఖాస్తు ఫారాలు, కంప్యూటర్లు దాన్ని ఊడబెరుకుతాయి. దాన్ని నిలబెట్టుకోవడానికి పట్టుబట్టే తల్లి మంచి పని చేస్తోందని నా నమ్మకం. వేల్స్‌లో పుట్టిన నటి కేథరీన్ జీటా-జోన్స్ 2003లో అమెరికాలో పుట్టిన కూతురికి కారిస్ అని పేరు పెట్టింది. అక్కడివాళ్ళు కేరిస్ అంటారు, సరిదిద్దితే నేర్చుకుంటారు. సెరెన్, ఎలిన్, కాట్రిన్, ఎలినెద్ ఇవన్నీ ఒకటి రెండు సార్లు చెబితే ఎవరి నోటికైనా పట్టుబడేవే. అంఘారద్‌కు కొంచెం ఓపిక కావాలి. అయినా నా ఓటు దానికే.

వేల్స్ బయట పేరు కోసం చట్టంతోనే తలపడాల్సి వచ్చిన చోటు ఒకటుంది. 1865 మే నెలలో సుమారు 150 మంది లివర్‌పూల్‌లో మిమోసా ఓడెక్కి, రెండు నెలలకు అర్జెంటీనాలోని పటగోనియా తీరం చేరారు. తమ భాష తమ పిల్లల నోట ఉండాలన్నదే వాళ్ళ కోరిక. అక్కడ పుట్టిన మొదటి ఆడపిల్లకు వాళ్ళు మేరీ అని పేరు పెట్టారు, ఆమె పుట్టిన గుట్టలకు వెల్ష్‌లో మేరీ గుట్టలనే పేరు నిలిచింది. చుబుట్ లోయలో వెల్ష్ బడి, వెల్ష్ గుడి నడిపారు. వాళ్ళ మనుమరాళ్ళ కాలానికి లినెద్ లాంటి పేర్లు ఇష్టంగా పెట్టుకుంటుంటే, 1943లో ప్రభుత్వం పేర్లు జాతీయ భాషలోనే ఉండాలని ఉత్తర్వు తెచ్చింది. 1969 నాటి 18,248వ నంబరు చట్టమూ విదేశీ పేర్లను కట్టడి చేసింది. స్పానిష్‌లో కలిసిపోయినవాటికి, సులువుగా పలికే తల్లిదండ్రుల పేర్లకు మాత్రం మినహాయింపు. ఫలితంగా రిజిస్టర్లో ఒక పేరు, ఇంట్లో ఇంకో పేరు. శతాబ్దాల కిందట వేల్స్‌లో షాన్‌కు పట్టిన గతే ఇది. 2015 ఆగస్టులో కొత్త పౌరస్మృతి అమల్లోకి వచ్చాక ఆ నిషేధం పోయింది. ఆ లోయలోని గైమన్ ఊరి తల్లిదండ్రులు ఇప్పుడు తమ పిల్ల పేరు ఎలినెద్ అని నేరుగా రాయించవచ్చు.