సామాజిక మాధ్యమాల్లో భావప్రకటన స్వేచ్ఛ, కంపెనీల నియంత్రణ (తిరుపతి, చిత్తూరు ప్రాంతం; ఆంధ్రప్రదేశ్)

ఫేస్‌బుక్, ట్విటర్ (2023 నుంచి ఎక్స్), యూట్యూబ్ వంటి వేదికల మీద పెట్టిన మాట ఉండాలా, పోవాలా అన్నది ఎవరు తేల్చాలి? తెలుగునాట ఈ తగవు పోలీసు స్టేషన్లలో, హైకోర్టులో, కంపెనీల కార్యాలయాల్లో నడిచింది. భావప్రకటన స్వేచ్ఛనిచ్చే రాజ్యాంగంలోని 19(1)(ఎ) అధికరణం ప్రభుత్వం నోరు నొక్కినప్పుడు నిలదీయడానికి పనికొస్తుంది. ప్రైవేటు కంపెనీ తన సొంత నిబంధన చూపి పోస్టు తీసేస్తే అది నేరుగా అక్కరకు రాదు. వాడుకరులు పెట్టిన దానికి కంపెనీపై బాధ్యత పడకుండా ఐటీ చట్టం 79వ సెక్షన్ రక్షణ ఇస్తుంది. అయితే కోర్టు గానీ ప్రభుత్వం గానీ తీసేయమన్నాక తీయకపోతే ఆ రక్షణ పోతుంది.

పూర్వరంగం

తెలుగు పత్రికల మీద తొలి రాజద్రోహ కేసుల్లో పేరున్నది 1908 నాటిది. విజయవాడ ‘స్వరాజ్య’ పత్రికలో రాసిన వ్యాసానికి గాడిచర్ల హరిసర్వోత్తమరావు జైలుకు వెళ్లారు. 1983లో శాసనమండలి సమావేశం మీద ‘పెద్దల గలభా’ అన్న శీర్షిక పెట్టినందుకు ‘ఈనాడు’ సంపాదకుడు రామోజీరావుపై సభాహక్కుల చర్య మొదలైంది. వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1985లో మండలే రద్దయింది. 2007లో మళ్లీ పుట్టిన ఆ సభ పదేళ్లకు మరో వ్యంగ్యం మీద ఫిర్యాదు చేసింది. 2017 ఏప్రిల్‌లో ‘పొలిటికల్ పంచ్’ అనే ఫేస్‌బుక్ పేజీ మండలి భవనం బొమ్మను పెద్దలకు మాత్రమే అన్న అర్థం వచ్చేలా మార్చి పెట్టింది. తుళ్లూరు పోలీసులు పేజీ నిర్వాహకుణ్ని హైదరాబాద్ నుంచి పట్టుకొచ్చారు.

చీరాల కేసు, 66ఎ

2013 మేలో పౌరహక్కుల ప్రజాసంఘం (పీయూసీఎల్) రాష్ట్ర అధ్యక్షురాలు జయ వింధ్యాలను చీరాల పోలీసులు అరెస్టు చేశారు. అప్పటి తమిళనాడు గవర్నర్ రోశయ్య మీద, చీరాల ఎమ్మెల్యే ఆమంచి కృష్ణమోహన్ మీద ఆమె ఫేస్‌బుక్‌లో పెట్టిన రాత అందుకు కారణం. పెట్టిన సెక్షన్, ఆన్‌లైన్‌లో అభ్యంతరకరమైన రాతను నేరంగా చూసే ఐటీ చట్టంలోని 66ఎ. మే 16న సుప్రీంకోర్టు జోక్యం చేసుకుంది. పై అధికారి అనుమతి లేకుండా ఇలాంటి అరెస్టులు వద్దన్న కేంద్ర సూచనను రాష్ట్రాలన్నీ పాటించాల్సిందేనని చెప్పింది. 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ తీర్పులో సుప్రీంకోర్టు 66ఎను కొట్టేసింది. ఈ చరిత్రలో ఆమంచి పేరు మరోసారి వస్తుంది, ఈసారి అవతలి పక్షంలో.

చిత్తూరు జిల్లా యల్లమందలో పుట్టిన సినీ విమర్శకుడు కత్తి మహేష్ ఉదంతం వేరే రకం. ఫేస్‌బుక్ రాతలతో, టీవీ చర్చలతో ఆయన ఎంత పేరు తెచ్చుకున్నారో అంత విరోధం మూటగట్టుకున్నారు. రాముడి మీద టీవీలో చేసిన వ్యాఖ్యలకు 2018 జూలైలో పోలీసులు ఆయనకు హైదరాబాద్ నుంచి ఆరు నెలల బహిష్కరణ విధించి సొంత జిల్లాకు పంపించారు. 2020 ఆగస్టులో ఫేస్‌బుక్ పోస్టు మీద అరెస్టు చేశారు. రోడ్డు ప్రమాదంలో గాయపడి 2021 జూలైలో కన్నుమూశారు.

కంపెనీల సొంత చట్టం

ఫేస్‌బుక్ భారత్‌లో తన తొలి కార్యాలయాన్ని 2010లో హైదరాబాద్‌లోనే తెరిచింది. ఆ తర్వాత అదే నగరంలో జెన్‌ప్యాక్ట్ అనే కాంట్రాక్టు సంస్థ ఉద్యోగులు షిఫ్టుల్లో కూర్చుని, జనం రిపోర్టు చేసిన పోస్టుల్ని ఒక్కొక్కటిగా చూసి ఉంచడమో తీయడమో చేస్తూ వచ్చారు. తక్కువ జీతం, ఎక్కువ ఒత్తిడి అన్న వాళ్ల మొరను 2019లో రాయిటర్స్ బయటపెట్టింది. ఒక తెలుగు మాట బతకాలా వద్దా అన్న తీర్పు చాలాసార్లు మొదట వచ్చింది ఇలాంటి బల్లల దగ్గరే. జడ్జి ఉండడు, వకీలు ఉండడు, కారణం రెండు ముక్కల్లో వస్తుంది.

గోషామహల్ ఎమ్మెల్యే రాజాసింగ్ విషయంలో ఈ తీర్పు ఎలా సాగుతుందో ప్రపంచానికి తెలిసింది. ఆయన పోస్టులకు విద్వేష నిబంధనలు వర్తింపజేయడాన్ని ఫేస్‌బుక్ భారత విధాన విభాగాధిపతి అంఖీ దాస్ అడ్డుకున్నారని 2020 ఆగస్టు 14న వాల్‌స్ట్రీట్ జర్నల్ రాసింది. వ్యాపారానికి దెబ్బ తగులుతుందన్నది ఆమె వాదనగా ఆ కథనం పేర్కొంది. మూడు వారాలు తిరక్కుండానే, సెప్టెంబరు 3న, కంపెనీ ఆయన్ను నిషేధించింది. ఆ రెండు తేదీల మధ్య నిబంధన మారలేదు, వార్త వచ్చిందంతే.

న్యాయమూర్తులపై పోస్టులు: హైకోర్టు, ట్విటర్

2019 అక్టోబరు 30న వైఎస్సార్‌సీపీ ప్రభుత్వం జీవో 2430 తెచ్చింది. పత్రికల్లో, టీవీలో, సామాజిక మాధ్యమాల్లో అసత్య వార్తలు వస్తే శాఖల కార్యదర్శులే ఫిర్యాదు చేయొచ్చంది. 2007లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఇచ్చిన జీవో 938కి ఇది కొనసాగింపు. మరుసటి ఏడాది బాణం తిరగబడింది. ఇంగ్లిషు మీడియం జీవోల కొట్టివేత, పోలీసులు దురుసుగా ప్రవర్తించారన్న డాక్టర్ సుధాకర్ కేసు సీబీఐకి అప్పగింత వంటి హైకోర్టు నిర్ణయాల తర్వాత అధికార పక్ష అభిమానులు న్యాయమూర్తుల్ని పేర్లు పెట్టి తిట్టడం మొదలుపెట్టారు. 2020 మేలో బాపట్ల ఎంపీ నందిగం సురేష్, మాజీ ఎమ్మెల్యే ఆమంచి కృష్ణమోహన్ సహా 49 మందికి కోర్టు ధిక్కార నోటీసులు వెళ్లాయి. ఏడేళ్ల కిందట తన మీద వచ్చిన రాత విషయంలో బాధితుడిగా ఉన్న ఆమంచి ఇప్పుడు సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చింది.

సీఐడీ దర్యాప్తు నత్తనడక నడుస్తోందని అక్టోబరు 12న కోర్టు కేసును సీబీఐకి ఇచ్చింది. నవంబరు 11న సీబీఐ 16 మందిపై కేసు పెట్టింది. వారిలో కొందరు విదేశాల్లో ఉన్నవారు. అసలు చిక్కు పోస్టులు తీయించడం దగ్గర వచ్చింది. 2012 జనవరిలో ట్విటర్ ఒక పద్ధతి ప్రకటించింది: చట్టం అడిగిన దేశంలో మాత్రమే పోస్టును మూస్తుంది, మిగతా ప్రపంచానికి తెరిచే ఉంచుతుంది. ఖాతాలో దేశం మార్చుకుంటే అవే తిట్లు మళ్లీ ప్రత్యక్షమవుతున్నాయని 2022 జనవరి, ఫిబ్రవరి విచారణల్లో హైకోర్టు తరఫు సీనియర్ న్యాయవాది అశ్వనీకుమార్ చూపించారు. ప్రధాన న్యాయమూర్తి ప్రశాంత్‌కుమార్ మిశ్రా ధర్మాసనం తీవ్రంగా స్పందించింది. ఈ దేశ చట్టాన్ని పాటించండి, లేకుంటే దుకాణం సర్దుకోండి అన్న అర్థంలో హెచ్చరించింది. న్యాయవ్యవస్థ గౌరవం కోసం కోర్టు పట్టిన ఈ పట్టు మెచ్చదగినదే. అంత శ్రద్ధ మామూలు ఫిర్యాదుదారుకు దక్కడం మాత్రం అరుదు.

తిరుమల

గుడిలోకి సెల్‌ఫోన్ పోనివ్వరు. అందుకే ఇక్కడి గొడవలు ఎక్కువగా క్యూలైన్లలో, మాడవీధుల్లో, కొండ కింద పుడతాయి. 2024 జూలైలో తమిళనాడు యూట్యూబర్ ఒకరు క్యూలో తిరుమల తిరుపతి దేవస్థానం (తితిదే) ఉద్యోగిలా నటించి భక్తుల్ని ఆటపట్టించిన వీడియో మీద దేవస్థానం ఫిర్యాదు చేసింది. అదే ఏడాది సెప్టెంబరులో లడ్డూ నెయ్యి కల్తీ అయిందన్న వివాదం రేగగానే తమిళ హాస్య ఛానెల్ ‘పరిదాబంగళ్’ తన లడ్డూ వీడియోను తనే తీసేసి విచారం చెప్పింది. నవంబరులో పాలకమండలి కొండ మీద రాజకీయ ప్రసంగాల్ని నిషేధించింది. 2025 ఏప్రిల్‌లో ఎస్వీ గోశాలలో ఆవులు చనిపోయాయని తితిదే మాజీ ఛైర్మన్ భూమన కరుణాకరరెడ్డి ఆరోపిస్తే, తిరుగుతున్న ఫొటోలు గోశాలవి కావని తితిదే ఖండించింది. ఎస్వీయూ పోలీసులు ఆయనపై కేసు పెట్టారు. జూలై చివర్లో ఆలయం ముందు రీల్స్ తీస్తే చర్యలు తప్పవని దేవస్థానం ప్రకటించింది.

2024 తర్వాత

ప్రభుత్వం మారాక 2024 నవంబరులో అరెస్టులు వైఎస్సార్‌సీపీ సామాజిక మాధ్యమ కార్యకర్తల వంతయ్యాయి. దర్శకుడు రాంగోపాల్ వర్మ మీదా పాత పోస్టుల కేసు నమోదైంది. 2025 జూలైలో హైకోర్టు మేజిస్ట్రేట్లకు సర్క్యులర్ పంపింది: ఇలాంటి కేసుల్లో రిమాండ్ వేసేముందు అరెస్టులపై సుప్రీంకోర్టు ఇచ్చిన అర్నేష్ కుమార్ తీర్పులోని షరతులు పాటించారా లేదా చూడాలి. కంపెనీల వైపు కథ బెంగళూరులో సాగింది. కేంద్రం ‘సహయోగ్’ పోర్టల్ ద్వారా పంపే తొలగింపు ఆదేశాల్ని ఎక్స్ సవాలు చేయగా 2025 సెప్టెంబరు 24న కర్ణాటక హైకోర్టు ఆ పిటిషన్‌ను కొట్టేసింది. అప్పీలుకు వెళ్తామని కంపెనీ ప్రకటించింది.